ఓనమాల పట్టు

రియో డి జనీరో నగరం, 2004వ సంవత్సరం. బ్రెజిలియన్ జూజుత్సు ప్రపంచ పోటీలలో కడపటి ఘట్టం. బరువుతో నిమిత్తం లేకుండా ఎవరైనా ఎవరితోనైనా తలపడగల బహిరంగ తరగతి అది. ఆ విద్యలో దానిని మించిన గౌరవం లేదు. గోదాలో ఇద్దరు యువకులు. ఒకడు రొనాల్డో సౌజా. అందరూ అతణ్ణి ‘జకరే’ అంటారు. పోర్చుగీసు భాషలో ఆ మాటకు మొసలి అని అర్థం. రెండవవాడు రోజర్ గ్రేసీ. ఇరవై రెండేళ్లవాడు, ఆరడుగుల నాలుగంగుళాల పొడగరి.

మొసలి పట్టు ఎటువంటిదో గజేంద్రుని కథ విన్న తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. కాని ఆనాడు పట్టుబడినది మొసలే. పాయింట్లలో జకరే ముందున్నాడు. అటువంటి సమయంలో రోజర్ అతని చేతిని చిక్కించుకుని, మోచేతి కీలును వెనుకకు వంచాడు. ఇటువంటి పట్టులో చిక్కినవాడు ప్రత్యర్థి ఒంటినో, నేలనో అరచేతితో తడితే చాలు, ఓటమిని ఒప్పుకున్నట్లే. ఆ క్షణమే పట్టు సడలుతుంది. జకరే తట్టలేదు. మోచేయి విరిగింది. అయినా తట్టలేదు. పెనుగులాడి బయటపడి, పనికిరాకుండా పోయిన ఆ చేతిని నడుముపట్టీలో దోపుకుని, మిగిలిన సమయమంతా రోజర్‌కు అందకుండా తిరిగాడు. గడువు ముగిసింది. లెక్క ప్రకారం విజేత జకరే.

ఈ క్రీడలో ప్రత్యర్థిని కూలదోసినవానికి 2 పాయింట్లు. అడ్డుపడే కాళ్లను దాటుకుని పక్కకు చేరి అదిమిపట్టినవానికి 3. పొట్టమీదికో, ఛాతీమీదికో ఎక్కి కూర్చున్నా, వీపును వశం చేసుకున్నా 4. నల్లపట్టీ ధరించినవారికి గడువు పది నిమిషాలు. ప్రత్యర్థి లొంగిపోతే మాత్రం ఈ లెక్కలేవీ ఉండవు; పోటీ అక్కడితో సరి. ఆనాడు జకరే చూపిన గుండెదిటవును కాదనగలవారు లేరు. నిబంధన కూడా అతని పక్షానే ఉంది. అయినప్పటికీ, గెలుపు పట్టు పట్టినవాడే ఓడి వెనుదిరిగాడన్న మాట మిగిలింది. ఎవరూ కాదనలేని గెలుపు ఎలా ఉంటుంది? తరువాతి ఆరేళ్లలో రోజర్ ఆడిన ఆటే ఈ ప్రశ్నకు సమాధానం.

అతడు పుట్టిన ఇంట ఈ విద్య కులవిద్య వంటిది. జపానులో జిగోరో కానో 1882లో స్థాపించిన కొడోకాన్ జూడో పాఠశాలలో ఆరితేరిన మిత్సుయో మయేదా, దేశదేశాల మల్లులతో తలపడుతూ 1914లో బ్రెజిల్ చేరాడు. అమెజాన్ ముఖద్వారాన ఉన్న బెలెం పట్టణంలో అతని వద్ద ఈ విద్య నేర్చిన కుర్రవాడు కార్లోస్ గ్రేసీ. కార్లోస్ తన తమ్ముళ్లకు నేర్పాడు. వారిలో బక్కపలచని ఎలియో, బలం తక్కువైనవాడు కూడా నేలమీద పడుకుని బలవంతుణ్ణి లొంగదీయగలిగేలా ఆ పట్లకు మెరుగుపెట్టాడు. కార్లోస్ కుమార్తె రెయిలా. ఆమె కుమారుడే 1981లో రియోలో పుట్టిన రోజర్. తండ్రి మౌరీసియో గోమెస్ కూడా జూజుత్సు గురువే. అయినా రోజర్ తల్లి ఇంటిపేరునే నిలుపుకున్నాడు. 2004లోనే తండ్రీ కొడుకులు లండన్‌లో పాఠశాల తెరిచారు.

ఆ పాఠశాలలోనైనా, ప్రపంచంలో మరే జూజుత్సు పాఠశాలలోనైనా, కొత్తగా చేరినవానికి తొలిదినాలలోనే నేర్పే పట్టు ఒకటుంది. మన బడులలో ఓనమాలు ఎటువంటివో ఈ విద్యకు అది అటువంటిది. ప్రత్యర్థి వెల్లకిలా పడి ఉంటాడు. పైనున్నవాడు అతని ఛాతీమీద, రెండు మోకాళ్లూ చెరొక పక్కన ఆనించి కూర్చుంటాడు. ఒక చేతిని ప్రత్యర్థి అంగీ కాలరులోకి మెడ వెనుక దాకా జొనుపుతాడు. రెండవ చేతిని దానికి అడ్డంగా పోనిచ్చి, అవతలి వైపు కాలరును పట్టుకుంటాడు. ఆపైన ముందుకు ఒరిగి మోచేతులను వెనుకకు లాగుతాడు. ఒత్తిడి పడేది శ్వాసనాళం మీద కాదు. మెడకు రెండు పక్కలా మెదడుకు రక్తాన్ని చేరవేసే ధమనుల మీద. పట్టు సరిగా కుదిరితే కొద్ది సెకండ్లలోనే స్పృహ తప్పుతుంది. అందుచేత తెలిసినవాడు అంతకు ముందే తడతాడు.

ఇంతే పట్టు. ఇందులో రహస్యమేమీ లేదు. ఆరు నెలలు నేర్చినవానికి విరుగుడు కూడా తెలుసు. అందుకే పెద్ద పోటీలలో అది ఇక పనికిరాదని చాలామంది తలచారు. ఏటేటా కొత్త ఎత్తులు పుట్టుకొస్తుండగా, మొదటి పాఠంతో ప్రపంచ విజేతను ఓడించడం ఎవరి తరం?

రోజర్ తరమైంది. పట్టులోని బలమంతా దానికి ముందు జరిగే పనిలో ఉన్నది. అతడు తొందరపడడు. ఛాతీమీద తన బరువునంతా మోపి, అంగుళం అంగుళంగా పైకి జరుగుతాడు. కిందివాని ఊపిరి భారమవుతుంది. పక్కటెముకలకు ఆనించుకున్న మోచేతులు పైకి తేలుతాయి. అప్పుడు ఒక చేయి కాలరులో దిగుతుంది. మెడను కాచుకోవాలంటే చేతులు ఎత్తాలి; ఎత్తితే చేయి పట్టుబడుతుంది. చేతులు కాచుకుంటే మెడ చిక్కుతుంది. రెండింటినీ ఒకేసారి కాచుకునే ఉపాయం కిందివానికి మిగలదు.

విజయపరంపర ఒక్కనాటిలో రాలేదు. 2005లో కాలిఫోర్నియాలో అబూధాబీ సంస్థ జరిపిన పోటీలు అంగీ లేకుండా పట్టేవి. తన బరువు తరగతిలోనూ, బహిరంగ తరగతిలోనూ కలిపి ఎదురైన ఎనిమిదిమందినీ రోజర్ లొంగదీశాడు. బహిరంగ తరగతి అంతిమ పోటీలో ఎదుట నిలిచినవాడు జకరే. ఈసారి వెనుకనుంచి మెడ బిగిసింది, మొసలి తట్టింది. అయితే ప్రపంచ పోటీల బహిరంగ పతకం మాత్రం చేతికి అందీ అందకుండా పోతూ వచ్చింది. 2007లో దక్కించుకున్నాడు, దానికి ముందు 2006లోనూ, తరువాత 2008లోనూ షాండీ రిబెయిరో ఎగరేసుకుపోయాడు.

ఆ వెనుక వచ్చినది 2009. రెండు తరగతులలో కలిపి తొమ్మిదిమంది ప్రత్యర్థులు. అందరూ నల్లపట్టీలవారే, అతడు చేయబోయేదేమిటో అందరికీ ముందుగానే తెలుసు. ఒకరి తరువాత ఒకరుగా తొమ్మిదిమందీ ఆ ఓనమాల పట్టులోనే చిక్కి తట్టారు. ఏ పోటీలోనూ చివరకు పాయింట్లు లెక్కించవలసిన అవసరం కలగలేదు. ఐదేళ్ల కిందటి ప్రశ్నకు ఇంతకన్న స్పష్టమైన జవాబు ఉండబోదు. 2010లోనూ రెండు తరగతుల బంగారు పతకాలూ అతనివే. దానితో బరువు తరగతిలో ఏడు, బహిరంగ తరగతిలో మూడు, మొత్తం పది ప్రపంచ పతకాలు చేకూరాయి.

పిడిగుద్దులకు కూడా తావున్న మిశ్రమ యుద్ధక్రీడలో అతడు అజేయుడు కాలేదు. 2006 నుంచి 2016 వరకు పదిసార్లు తలపడి ఎనిమిదింట గెలిచాడు, రెండింట ఓడాడు. ఈలోగా జూజుత్సులో కొత్త తరం తలయెత్తింది. దానికి మేటి మార్కుస్ అల్మేదా. ‘బుషేషా’ అన్నది అతని వ్యవహారనామం. 2012లో ఇద్దరూ ఇరవై నిమిషాలు తలపడ్డారు. ఎవరూ లొంగలేదు, పోటీ సమమైంది.

2017 జూలైలో రియోలోనే మళ్లీ పోటీ ఏర్పాటైంది. అప్పటికి బుషేషా కూడా పది ప్రపంచ పతకాలు గెలిచి సరిసమానంగా నిలిచాడు. వయస్సు ఇరవై ఏడు. మంచి ఊపులో ఉన్నాడు. రోజర్‌కు ముప్పై ఐదు దాటాయి. ప్రపంచ పోటీల గోదా విడిచి ఏడేళ్లయింది. వయస్సునూ, సాధననూ తూచినవారికి మొగ్గు ఎటో తెలిసినట్లే తోచింది. ఏడు నిమిషాలు నిండకముందే రోజర్ ప్రత్యర్థి వీపును వశం చేసుకుని, కాలరు పట్టి మెడ బిగించాడు. బుషేషా తట్టాడు. ఆ గోదాలోనే రోజర్ పోటీలనుంచి విరమించుకుంటున్నట్లు ప్రకటించాడు.

పతకాల లెక్కలో తరువాత బుషేషా అతణ్ణి దాటాడు; 2019 నాటికి పదమూడు గెలిచాడు. లెక్కలు ఎప్పుడైనా దాటవలసినవే. కాని జూజుత్సు పాఠశాలలలో రోజర్ పేరు వినిపించేది ఆ లెక్క వల్ల కాదు. తొలి పాఠం నేర్చిన శిష్యుడు నెల తిరగకముందే కొత్త ఎత్తులు చూపమని అడుగుతాడు. అది సహజమే. ఓనమాలు వచ్చేశాయి కదా అనుకుని ముందుకు పోవడమే లోకరీతి. రోజర్ గ్రేసీ మాత్రం ఆ పాఠం తనకు ఇంకా పూర్తిగా రాలేదన్నట్లు, దాన్నే దిద్దుతూ కూర్చున్నాడు. చివరకు అది అతనికి ఎంతగా వచ్చిందో ఆ తొమ్మిదిమందికి తెలుసు.