మిక్సీ పక్కన నిలబడి చూస్తే

మన ఇళ్లలో సుమీత్ మిక్సీ పేరు వినని పెద్దవాళ్లుండరు. దాని పుట్టుక బొంబాయిలోని ఓ ఇంజనీరుగారి వంటింట్లో. సీమెన్స్‌లో పనిచేసిన సత్యప్రకాశ్ మాథుర్ గారింట్లో ఆయన భార్య మాధురిగారు వాడే జర్మన్ మిక్సర్ పాడైపోయింది. పాడవదూ మరి! పళ్లరసాలకూ కేకు పిండికీ సరిపోయే యంత్రంలో ఎండు పసుపుకొమ్ములు, నానిన పప్పులు వేస్తే మోటారు ఎంతసేపు తట్టుకుంటుంది? మన నూరుడికి ఆగే మోటారుతో 1963లో సుమీత్ వచ్చింది. నూరేదేమిటో ఆయనకు రోజూ కళ్లెదుటే ఉండడం కలిసొచ్చిందని నా అభిప్రాయం.

"మిక్సీ ఎలా ఉంది?" అనడిగితే మనవాళ్లు "బాగానే ఉందండీ" అనేస్తారు. పక్కన నిలబడి చూడాలి. మా వదినగారు కొబ్బరి పచ్చడి చేస్తూ నాలుగుసార్లు ఆపి, మూత తీసి, జారు గోడకంటినదాన్ని చెంచాతో కిందికి దించుతారు. గారెల పిండికి నీళ్లు పోయనిదే బ్లేడు తిరగదు. పోస్తే గారె నూనె తాగుతుంది. కంపెనీవారే వచ్చి అడిగినా ఆవిడ ఇవి చెప్పరు. ఆవిడ లెక్కలో అవి లోపాలు కావు, రోజూ ఉండే పనే. గారెలు వండే రోజున మాత్రం మారుమాట లేకుండా రోలు కడుక్కుంటారు.