చార్టు ఎవరు చేశారు?

మండల కేంద్రంలోని పుస్తకాల దుకాణంలో పిల్లల ప్రాజెక్టు పనులకు కావలసిన బొమ్మలు, చార్టులు అడిగిందే తడవుగా దొరుకుతాయి. గడువు రేపనగా తండ్రి కూలి డబ్బుల్లోంచి తీసి కొంటాడు. అక్క కూర్చుని అంటిస్తుంది. పిల్లవాడు కింద పేరు రాసుకుంటాడు. చార్టు అందంగా ఉందని బడిలో మార్కులు పడతాయి. వాడు నేర్చుకున్నదేమిటో మాత్రం ఎవరికీ తెలియదు.

పనిచేస్తూ నేర్చుకోవాలన్న మాట కొత్తది కాదు. చేతిపని ద్వారా చదువు చెప్పాలని 1937లోనే వార్ధా సభలో గాంధీజీ ప్రతిపాదించారు. పిల్లల అవగాహనను నిరంతరం, సమగ్రంగా మదింపు చేయాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పింది. ఆ చట్టంలో నిరంతరం అన్న మాట ఉంది. బడుల్లో జరుగుతున్నది ఆఖరి రోజు మదింపు.

ఊరి బోర్ల వివరాలు సేకరించే పని ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చారనుకోండి. ఎన్ని అడుగుల్లో నీరు పడింది, ఏ సంవత్సరం తవ్వించారు, ఎండాకాలంలో ఎన్ని గంటలు పోస్తుంది అని రైతులను అడిగి రాసుకురావాలి. ఒకడు 300 అడుగులని రాస్తాడు, ఇంకొకడు 91 మీటర్లని రాస్తాడు. రెండూ దాదాపు ఒకే లోతు. అది తెలియక రెంటినీ ఒకే పట్టికలో ఎక్కిస్తే లెక్క అంతా తప్పుతుంది. రెండో వారంలోనే పుస్తకం చూసిన ఉపాధ్యాయుడు అక్కడే ఆపి సరిచేయిస్తాడు, లెక్కల పాఠం కూడా అయిపోతుంది. చార్టు గోడకెక్కాక చూస్తే ఎర్రసిరా గీత తప్ప మరేమీ మిగలదు.

ఇంకో ఇబ్బంది ఉంది. అయిదుగురి జట్టులో ఎండనపడి పొలాల వెంట తిరిగింది ఒక అమ్మాయి. చివరి రోజున గట్టిగా చదివి వినిపించింది మరో అబ్బాయి. మధ్యలో చూడని వారికి ఆ అబ్బాయే కనిపిస్తాడు.

ఇందుకు పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. జట్టుకొక నోటు పుస్తకం చాలు. ఈ వారం ఏం చేశారు, ఎక్కడ ఆగిపోయారు, ఎవరు ఏ పని చేశారు అన్నది పిల్లలే రాయాలి. ఉపాధ్యాయుడు వారానికొకసారి ఒక్కో జట్టులో ఒక్కో పిల్లను లేపి అడిగి, రెండు ముక్కలు రాసి తారీఖు వేయాలి.

ఉపాధ్యాయులకు తీరిక ఏదన్న ప్రశ్న న్యాయమైనదే. ఏడాదికి నాలుగు నిర్మాణాత్మక మదింపులు, ఆరు సబ్జెక్టులు, ప్రతిదానికీ ఒక ప్రాజెక్టు అంటే ఒక్కో పిల్లవాడికి 24 ప్రాజెక్టులు. ఇన్నిటిని ఏ మాస్టారూ వెంటపడి చూడలేరు, నెలాఖరున రికార్డులు నింపి పంపడమే మిగులుతుంది. విద్యాశాఖ ఈ సంఖ్యను తగ్గించి, ఏడాదికి రెండో మూడో గట్టిగా చేయించడం మేలు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పదో తరగతి అంతర్గత మార్కులు 20ని రద్దు చేశారు. మార్కుల పందేరం దానితో ఆగి ఉండవచ్చు గాని, పని మధ్యలో పిల్లలను చూసే అలవాటు దానివల్ల రాదు.

పాఠశాల యాజమాన్య కమిటీలో తల్లిదండ్రులే ఎక్కువమంది. మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్ల సంగతి మాట్లాడినట్టే, వచ్చే సమావేశంలో ఈ నోటు పుస్తకాలు కూడా తెప్పించి చూడాలి. చదువు రానివారైనా తారీఖులు చూడగలరు. అన్నీ ఒకే రోజు, ఒకే సిరాతో వేసినట్టుంటే ప్రధానోపాధ్యాయుణ్ణి అక్కడే అడగాలి.