మాస్కు ధరించువానికి రక్షణ యేది?

ముక్కు నోరు కప్పుకొనకుండ బయటికి వచ్చినవారికి తెలంగాణ ప్రభుత్వము కరోనా కాలమున 1000 రూపాయల జరిమానా విధించినది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము దానికాధారము. హైదరాబాదునకును వీపనగండ్లకును ఆ యాజ్ఞ యొక్కటియే. ఆ చట్టముక్రింద కేంద్రము జారీచేసిన కట్టడులు 2022 మార్చి 31తో ముగిసినవి. నిర్బంధము తొలగుట మంచిదే. కాని కప్పుకొనలేదని దండించిన ప్రభుత్వము, ఆరోగ్యార్థమై కప్పుకొనదలచినవాని నెవ్వరును అడ్డగింపరాదని స్పష్టముగా ఒక్క నిబంధనయైనను చేయలేదు.

ఇది పట్టణవాసుల విలాసమని కొందరనవచ్చును. మూత్రపిండము మార్పిడి చేయించుకొనినవాడు, కాన్సరునకు మందు వాడుచున్న స్త్రీ, ఇంట క్షయరోగికి సేవచేయుచున్న తల్లి, వీరికది విలాసమా? గిరాకీ బెదరునని దుకాణపు యజమాని తన గుమాస్తాను మాస్కు తీయుమన్నచో, ఆ గుమాస్తా ఏ సెక్షను చూపవలెను? శరీరముపై స్వాధికారము రాజ్యాంగపు 21వ అధికరణములో నిమిడియున్నదని సుప్రీంకోర్టు 2022 మే నెలలో టీకాల వ్యాజ్యమున చెప్పినమాట నిజమే. ఆ తీర్పును చేతబట్టుకొని నెలజీతగాడు హైకోర్టు మెట్లెక్కగలడా?

మనవారనేకులు స్థిరపడిన అమెరికాలోని ఉత్తర కరోలినాను చూడుడు. కూ క్లక్స్ క్లాన్ ముఠా నణచుటకై 1953లో అచట ముసుగులను నిషేధించిరి. 2020లో ఆరోగ్యార్థము ధరించువారికి మినహాయింపు నిచ్చిరి. 2024లో దానిని తొలగింపబూనగా రోగులును వికలాంగులును తీవ్రముగా ప్రతిఘటించిరి. తుదకు అంటువ్యాధి వ్యాప్తిని నివారించుటకు వైద్యపు మాస్కు ధరింపవచ్చుననియు, పోలీసుగాని స్థలయజమానిగాని గుర్తించుటకై యడిగినపుడు తాత్కాలికముగా తీయవలెననియు శాసించిరి. నిషేధమును కఠినతరము చేసిన ఆ చట్టము మాకు రుచింపదు. అందులోని యీ యొక్క మెలకువ మాత్రము గ్రహింపదగినది. ప్రజారోగ్యము రాష్ట్రజాబితాలోనిదే గావున మన శాసనసభకిది దుస్సాధ్యము కాదు. బ్యాంకువారు క్షణకాలము ముఖము చూచి మరల కప్పుకొననీయవచ్చును. పని యిచ్చు యజమాని మాత్రము నిష్కారణముగా తీయింపరాదు.

ఇక మన పాఠకులలోని భూస్వాముల నొకమాట యడుగుదుము. మీ చేలలో పురుగుమందు కొట్టు కూలీల ముక్కునకు పాతతువాలు తప్ప ఏమున్నది? విషధూళియు నావిరియు పీల్వకుండ తగిన శ్వాసరక్షణ సాధనములు వాడవలెనని 1971 నాటి పురుగుమందుల నిబంధనలు చెప్పుచునే యున్నవి. అందులకు శాసనసభ కూడనక్కరలేదు. మందుడబ్బా కొనునపుడే వానినిగూడ కొని యీయవచ్చును.