సరిహద్దు దాటే చదువు – మన ఆడపిల్లలకు ఎందుకు అందదు?

డిగ్రీ చదివే అమ్మాయి ఒక సెమిస్టర్ విదేశీ విశ్వవిద్యాలయంలో చదివొస్తేనో, అక్కడి విద్యార్థులతో కలిసి పరిశోధన చేస్తేనో పత్రికలు ఫొటో వేస్తాయి. సంతోషమే. ఆమె ప్రతిభను తక్కువ చెయ్యను. కానీ నర్సీపట్నం లాంటి ఊళ్ళో ప్రభుత్వ కాలేజీకి వెళ్ళే పిల్ల ఆ ఫొటోలో ఉండటం ఎందుకంత అరుదు? తెలివి లేక కాదు. ఆమె దాకా ఎవరూ దారి వెయ్యలేదు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితమే చూడండి. వాల్తేరులో ఆడపిల్లలకు హాస్టల్ లేదని ఆంధ్ర విశ్వవిద్యాలయం వెనకాడితే, ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి చదువుకోవాలనుకునే అమ్మాయిల్ని కూడగట్టారు. అందరూ కలిసి తామే హాస్టల్ నడుపుకున్నారు. ఆ తర్వాతే లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదవడానికి టాటా స్కాలర్‌షిప్ వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం వల్ల వెళ్ళలేకపోయారు. మద్రాసులో లా చదివారు. ఆమెకు మొదట అడ్డొచ్చిన సరిహద్దు సముద్రం కాదు, హాస్టల్. మన పిల్లలకు ఇప్పటికీ అదే.

ఇక ప్రభుత్వ సాయం సంగతి. షెడ్యూల్డు కులాల వారికీ, తెగల వారికీ కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లలో 30 శాతం స్త్రీలకు కేటాయించారు. మంచిదే. కానీ అవి పీజీ నుంచి పైచదువులకే. డిగ్రీకి వర్తించవు. పైగా గిరిజనులకు దేశం మొత్తం మీద ఏటా ఇచ్చేవి 20. పాడేరు, చింతపల్లి పిల్లల వాటాకు ఎన్ని వస్తాయి? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయింది. మిగిలినవాళ్ళలో ఎందరికో డిగ్రీ మధ్యలోనే సంబంధాలు చూస్తారు. స్కాలర్‌షిప్ పీజీ దగ్గర ఎదురుచూస్తుంటే, అమ్మాయి డిగ్రీ దాటకముందే అత్తవారింటికి చేరుతోంది.

విదేశీ విద్యాసంస్థలతో కలిసి డిగ్రీలు ఇచ్చేందుకు 2022లో యూజీసీ నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం నాక్‌లో కనీసం 3.01 స్కోరైనా ఉండాలి, ఎన్.ఐ.ఆర్.ఎఫ్. విశ్వవిద్యాలయాల జాబితాలో మొదటి వందలోనైనా ఉండాలి, లేదా ‘ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్’ హోదా అయినా ఉండాలి. అధ్యాపకుల ఖాళీలతో నడిచే చిన్న ఊళ్ళ కాలేజీలు ఆ గీత ఎలా దాటుతాయి? యూరప్‌లో 1987లో మొదలైన ఎరాస్మస్ పథకం డిగ్రీ విద్యార్థులనే ప్రజల డబ్బుతో పక్క దేశాలకు పంపింది. అక్కడి కాలేజీకి ఫీజు కట్టనక్కర్లేదు. అది అసాధ్యమైన పనేం కాదన్నమాట.

ఇచ్చిపుచ్చుకోవడం అంటున్నాం గానీ, మన కొండల విషయంలో అది ఒకవైపే సాగింది. నర్సీపట్నం ఎగువనున్న గూడెం కొండల తిరుగుబాట్ల మీద బ్రిటిష్ చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో విలువైన వ్యాసం ప్రచురించాడు. చదవాల్సిందే. అయితే ఆ కొండల్లో పుట్టిన ఆడపిల్ల లండన్ వెళ్ళి, అక్కడి దస్తావేజుల్లో తన తాతల గురించి తెల్లదొరలు ఏం రాసిపెట్టారో వెతికే రోజు ఎప్పుడు? పరిశోధనకు వస్తువుగా ఉన్నవాళ్ళు పరిశోధకులు కావడమే నిజమైన మార్పిడి.

సంఘాలుగా మనం చెయ్యదగ్గవి ఉన్నాయి. పాస్‌పోర్టు దరఖాస్తులో తల్లిదండ్రుల్లో ఒకరి పేరు రాస్తే చాలని 2016 డిసెంబరులో నియమాలు మార్చారు. భర్త వదిలేసిన తల్లులు చాలామందికి ఈ సంగతి తెలియదు. మన సమావేశాల్లో చెబుదాం. ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లను డిగ్రీకీ, ఒక్క సెమిస్టర్ చదువుకీ వర్తింపజెయ్యమని అడుగుదాం. ప్రతి డిగ్రీ కాలేజీకీ ఆడపిల్లల హాస్టల్ కావాలని పట్టుబడదాం.

హాస్టల్ అడగడం చిన్న కోరికేం కాదు. లండన్ దారి అక్కణ్ణించే మొదలవుతుంది.