శిక్షణ సరే, సంత ఎవరిది?



కుల దాడిలో ఊరు విడిచిన ఆడవాళ్ళకు ఉపాధి చూపించాలనగానే, అధికారులైనా స్వచ్ఛంద సంస్థలైనా ముందు తెచ్చేది కుట్టుమిషను. ఆ తర్వాత పచ్చళ్ళు, కొవ్వొత్తులు. నెల రోజుల శిక్షణ, ఒక సర్టిఫికెట్, ఒక గ్రూపు ఫోటో. భూమి ఇవ్వాలంటే ఎవరి చేతిలోంచో తియ్యాలి. శిక్షణకు ఆ ఇబ్బంది లేదు. అందుకే అది అందరికీ ఇష్టం.

1985 జూలై 17న కారంచేడు మాదిగపల్లె మీద దాడి చేసి ఆరుగురిని చంపారు. బతికినవాళ్ళు చీరాల చేరారు, తిరిగి ఆ ఊరికి పోమన్నారు. నాట్లు, కలుపు, కోతలు తెలిసిన చేతులు ఒక్కరోజులో పొలం లేని పట్నంలో పడ్డాయి. చీరాల అంటే మగ్గం. మగ్గానికి తరాలుగా నేత కులాలున్నాయి, వాళ్ళ మీద షావుకార్లున్నారు. అక్కడ పని నేర్పినంత మాత్రాన మాదిగ అమ్మకు నూలు అరువిచ్చేదెవరు, చీర కొనేదెవరు?

2012 జూన్ 12న లక్ష్మీపేటలో ఐదుగురు దళితులను చంపారు. ఆ ఊరు ఇప్పుడు విజయనగరం జిల్లా, అప్పటికి మన శ్రీకాకుళమే. తగువంతా మడ్డువలస రిజర్వాయరు కోసం సేకరించి, మునగకుండా మిగిలిన భూమి మీద. భూమి అడిగినందుకు మనిషిని పోగొట్టుకున్న ఇంటికి వెళ్ళి వ్యాపార శిక్షణ ఇస్తామంటే, అడిగిన ప్రశ్నను పక్కన పెట్టడమే.

పని రాకపోవడం వల్లే మన ఆడవాళ్ళు పేదలయ్యారా? పలాస-కాశీబుగ్గ వచ్చి చూడండి. జీడిపిక్క కొట్టడం, పొట్టు తీయడం, గుండు వేరు బద్ద వేరు చేయడం, అంతా ఆడవాళ్ళ చేతి పనే. జీడి రసానికి వేళ్ళు నల్లబడి, చర్మం లేచిపోతుంది. వీళ్ళకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ పిక్క వాళ్ళది కాదు, బాయిలర్ వాళ్ళది కాదు, బేరం వాళ్ళది కాదు. ఉద్దానం రైతులు 80 కిలోల బస్తాకు 16 వేలు మద్దతు ధర అడుగుతున్నారు. ఆ లెక్కన పది బస్తాలు కొనాలంటే లక్షా అరవై వేలు. పిక్క వచ్చేది ఎండాకాలంలో. అప్పుడు కొని నిల్వ పెట్టుకున్నవాడే ఏడాదంతా వ్యాపారం చేస్తాడు. ఆ డబ్బు శిక్షణ శిబిరంలో దొరకదు.

చిన్న ఆహార యూనిట్లకు 2020లో వచ్చిన కేంద్ర పథకంలో 35 శాతం సబ్సిడీ ఉంది. మంచిదే. కానీ కనీసం 10 శాతం చేతిలోంచి పెట్టాలి, మిగతాది బ్యాంకు అప్పు. కట్టుబట్టలతో ఊరు దాటిన మనిషి ఆ 10 శాతం ఎక్కడి నుంచి తేవాలి?

కాబట్టి అడగాల్సింది దయ చూపమని కాదు. అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 21 బాధితుల ఆర్థిక, సామాజిక పునరావాసాన్ని ప్రభుత్వ బాధ్యత చేసింది. 2015 సవరణతో వచ్చిన 15ఏ, కేసు దర్యాప్తు, విచారణ నడిచే కాలంలోనూ ఆ పునరావాసం హక్కు అంటోంది. అదే సవరణ ఆర్థిక బహిష్కరణను నేరం చేసింది. దళిత మహిళ కొట్టు దగ్గర కొనొద్దని ఊరు కట్టుబాటు పెడితే అది కేసు.

విద్యార్థి మిత్రులకు ఒక పని. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. ఈసారి అక్కడ నాలుగు ప్రశ్నలు పెట్టించండి: శిక్షణ పొందిన బాధిత మహిళకు షెడ్డు ఎక్కడ? పెట్టుబడి ఎంత? హాస్టళ్ళకు, అంగన్‌వాడీలకు సరుకు కొనే ఆర్డరు ఉందా? భూమి సంగతి ఏమైంది?

నాలుగో ప్రశ్నకు జవాబు రాకుండా మొదటి మూడింటితో సరిపెట్టుకోవద్దు.

జై భీమ్.