ఆడలేక మద్దెల ఓడు



రంగు ఫిల్మును ఇంట్లోనే కడుక్కునే అలవాటు కొందరిలో మళ్ళీ మొలకెత్తింది. సంతోషించవలసిన సంగతే. కానీ ఆరవేసిన రీలుపై చారలో మచ్చలో కనిపించిన మరుక్షణం వెలువడే తీర్పులు వింటే ఆ సంతోషం నిలవదు. "రసాయనం పాడైంది" అంటారొకరు. "ట్యాంకును ఇంకా గట్టిగా కుదపవలసింది" అంటారు మరొకరు. "ఫిల్ముకు అదే అందం, వదిలేయండి" అని ఇంకొకరి ఓదార్పు. "స్కాన్ చేసి కంప్యూటరులో చెరిపేస్తే సరి" అని నాలుగవవారి ఉపాయం. ఈ నలుగురిలో ఒక్కరైనా నెగెటివును వెలుగుకెదురుగా పట్టి చూసినట్లు కనబడదు. నా అభియోగమల్లా ఇదే. మరక ఎక్కడ ఉన్నదో, ఏ రూపంలో ఉన్నదో చూడకుండా చెప్పే వైద్యం వైద్యం కాదు. ఆ వైద్యం మూలంగా బాగుపడగల రీళ్ళు కూడా చెత్తబుట్ట పాలవుతున్నాయి.

పద్యం నడక తప్పిందని ఛందస్సు తెలిసినవాడెవడూ కాగితం చించివేయడు. ఏ పాదంలో గణం చెడిందో, యతి ఎక్కడ తప్పిందో పట్టుకొని అక్కడ మాత్రమే సవరిస్తాడు. నెగెటివు విషయంలోనూ అదే న్యాయం వర్తించాలి.

ముందుగా ఈ పని ఎంత సున్నితమైనదో గ్రహించాలి. 1972లో కొడాక్ సంస్థ ప్రవేశపెట్టిన సి-41 విధానమే నేటికీ రంగు నెగెటివులకు ప్రమాణం. అందులో డెవలపర్ వేడి 37.8 డిగ్రీల సెల్సియస్. అటూ ఇటూ 0.15 డిగ్రీకి మించి తేడా ఉండరాదు. కాలం 3 నిమిషాల 15 సెకన్లు, అంటే 195 సెకన్లు. ద్రవం పోయడానికి 15 సెకన్లు పట్టిందంటే మొత్తం కాలంలో పదమూడవ వంతు అక్కడే గడిచిపోయింది. 10 నిమిషాలు పట్టే నలుపు తెలుపు ఫిల్ములో అదే జాప్యం నలభయ్యవ వంతు మాత్రమే. పైగా రంగు ఫిల్ములో పొరలు ఒకదాని క్రింద ఒకటి ఉంటాయి. నీలి కాంతిని గ్రహించేది పైన, ఆకుపచ్చను గ్రహించేది నడుమ, ఎరుపును గ్రహించేది అడుగున. డెవలపర్ పై పొరను ముందుగా, అడుగు పొరను ఆలస్యంగా చేరుతుంది. అందువల్ల ఇక్కడ అసమత అంటే చిక్కదనంలో తేడాయే కాదు, రంగులో తేడా కూడాను.

ఇప్పుడు మొదటి తీర్పును పరిశీలిద్దాం. అలసిపోయిన డెవలపర్ రీలునంతటినీ పలచబరుస్తుంది. ఏదో ఒక అంచును ఏరుకొని అక్కడే చార గీయదు. దీనికి సాక్ష్యం ఫిల్ము అంచునే ఉన్నది. అక్కడి అంకెలూ ఫిల్ము పేరూ తయారీ సమయంలోనే కాంతితో అచ్చయినవి. మన కెమెరాతో వాటికి సంబంధం లేదు. అవి స్ఫుటంగా ఉండి బొమ్మ పలచబడితే లోపం చిత్రం తీయడంలో ఉన్నది. అవి కూడా వెలవెలబోతే అప్పుడు డెవలపర్‌ను అనుమానించవచ్చు. ఇక రీలు పొడవునా ఒక అంచు మాత్రమే పలచగా ఉన్నదంటే ద్రవం చాలలేదని అర్థం. బాగా వాడుకలో ఉన్న పాటర్సన్ ట్యాంకులో ఒక 35 మిల్లీమీటర్ల రీలుకు 290 మిల్లీలీటర్లు, 120 రకం రీలుకు 500 మిల్లీలీటర్లు కావాలి. కొలపాత్ర ముట్టనివాడు రసాయనాన్ని నిందిస్తే ఆడలేక మద్దెల ఓడన్నట్లే.

రెండవ తీర్పు మరీ ప్రమాదకరం. అంచు రంధ్రాల నుండి బొమ్మలోకి సాగే చారలు రెండు రకాలు. నెగెటివులో ఆ చార చుట్టుపక్కలకన్నా చిక్కగా ఉంటే ద్రవం రంధ్రాల గుండా వేగంగా దూసుకుపోయిందన్నమాట, కుదుపు మితిమీరింది. చార పలచగా ఉంటే వాడిపోయిన ద్రవం అక్కడే నిలిచి మెల్లగా జారింది, కుదుపు చాలలేదు. "ఇంకా గట్టిగా కుదపండి" అన్న సలహా రెండవ రోగికి ఔషధం, మొదటి రోగికి విషం. చిన్న చిన్న గుండ్రని పలచని చుక్కలు గాలిబుడగల పని. ద్రవం పోయగానే ట్యాంకును నేలపై రెండుమార్లు తట్టితే పోయేవి. పాలరంగు అతుకులు కనిపిస్తే రీలులో ఫిల్ము చుట్టలు ఒకదానికొకటి అంటుకున్నాయి. నెలవంక వంటి గీత కనిపిస్తే చీకటిలో ఎక్కించేటప్పుడు ఫిల్ము మడతపడింది. ఈ రెండింటికీ కుదుపుతో నిమిత్తమే లేదు.

మూడవవారు సౌందర్యవాదులు. మరక ఎక్కడ పడాలో ముందుగా నిర్ణయించి, మరునాడు మళ్ళీ అక్కడే పడవేయగల ప్రయోగశీలికి నా నమస్కారం. పడిన తరువాత పేరు పెట్టేవారితోనే నా పేచీ. బిడ్డ ముఖం మీదుగా చార పోయిన తల్లికి "అదే అందం" అని చెప్పగలరా?

నాలుగవవారు చెరిపేది నకలును మాత్రమే. మూలం అలాగే ఉంటుంది, కారణం మరుసటి రీలు కోసం కాచుకొని ఉంటుంది. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉన్నది. అన్ని మరకలూ ఒక జాతివి కావు. డెవలపర్ దశలో జరిగిన లోపం శాశ్వతం. పుట్టని రంగును తరువాత పుట్టించలేము. కానీ బ్లీచ్, ఫిక్సర్ దశల లోపం చాలా సందర్భాలలో సరిదిద్దదగినది. డెవలపర్ రంగుతోపాటు వెండిని కూడా ఏర్పరుస్తుంది. ఆ వెండిని కరిగేందుకు అనువుగా మార్చడం బ్లీచ్ పని, కరిగించి తొలగించడం ఫిక్సర్ పని. ఇంటి పెట్టెలలో ఈ రెంటినీ కలిపి బ్లిక్స్ అనే పేరుతో ఇస్తారు. అది అలసిపోతే వెండి అక్కడక్కడ మిగిలి, రంగులు మకిలిపట్టి, నెగెటివు నల్లబారి, గరుకుగా కనిపిస్తుంది. అటువంటి రీలు చావలేదు. ఒక చివరి ముక్కను కత్తిరించి తాజా బ్లిక్స్‌లో పూర్తికాలం ఉంచండి. మకిలి వదిలితే రీలంతటికీ అదే చేసి, బాగా కడిగి, స్టెబిలైజర్‌లో ముంచి ఆరవేయండి. ఈ పనికి చీకటి కూడా అక్కరలేదు. చుట్టలు అంటుకున్నచోట పాలరంగు పోతుంది గాని బొమ్మ రాదు. డెవలపర్ అందని చోట అది పుట్టనే లేదు గదా. ఫిల్మును ఏటవాలుగా పట్టినప్పుడు నున్నని వైపున మాత్రమే మెరిసే మచ్చలు నీటి ఉప్పులవి. వాటిని మళ్ళీ నానబెట్టి కడిగి, స్వేదనజలంతో కలిపిన స్టెబిలైజర్‌లో చివరిసారి ముంచితే పోతాయి.

కాబట్టి రీలును పారవేసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. మరక అంచుననా, నడుమనా? చిక్కనా, పలచనా? ఫిల్ము లోపలా, పైపైననా? ఆ తరువాత ఒక మారుకు ఒక్క మార్పే చేయండి. వేడి, కుదుపు, రసాయనం మూడూ ఒకేసారి మార్చినవాడికి మరుసటి రీలు బాగా వచ్చినా ఎందుకు బాగుపడిందో తెలియదు.

నాతో విభేదించే మిత్రులు తప్పక విభేదించండి. అయితే నెగెటివును ఎదుట పెట్టుకొని, మరకను చూపి వాదించండి. చూడకుండా చెప్పే తీర్పులకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.