పాపికొండలకు వెళుతున్నారా? ముందు జాకెట్టు సంగతి!

ఈమధ్య మా పెంటపాడులో నలుగురు ఆడవాళ్ళు చేరితే చాలు, అలాస్కా కబుర్లే. కూతురి పురిటికని సియాటిల్ వెళ్ళిన పక్కింటి వదినగారు ఓడెక్కి మంచునదులు చూసొచ్చారు మరి! కొండంత మంచుపెళ్ళ విరిగి సముద్రంలో పడుతుంటే, ముందు తుంపర కనిపించి తర్వాత ఉరుములాంటి చప్పుడు వినిపిస్తుందట. ఆ మంచు నీలంగా కూడా ఉంటుందట. వింటూ కూచుంటే మనకేమొస్తుంది చెప్పండి? మనకి గోదారి లేదూ!

రాజమండ్రి దగ్గర అవతలిగట్టు మసకగా కనిపించేంత వెడల్పున పారే ఆ తల్లే పాపికొండల మధ్య ఎంత ఇరుకైపోతుందో! మలుపు తిరిగేదాకా ముందు దారి మూసేసినట్టే ఉంటుంది. పేరంటాలపల్లిలో కొండరెడ్ల దగ్గర కొన్న వెదురుబుట్ట ఇప్పటికీ మా ఇంట్లో వెల్లుల్లిపాయలకి ఉంది.

అప్పట్లో మేం పట్టిసీమ రేవులో లాంచీ ఎక్కాం. పోలవరం దగ్గర నదికి కట్ట పడ్డాక అలా కుదరదు. రాజమండ్రి చేరి, అక్కణ్ణించి గండిపోచమ్మ గుడిదాకా రోడ్డున వెళ్ళి బోటెక్కాలి. ఆ దారిలో ప్రాజెక్టు కోసం ఖాళీ అయిన ఊళ్ళున్నాయి. అవి చూశాక కాసేపు ఎవరికీ మాట రాదు.

ఇక అసలు సంగతి. ఆనాడు పట్టుచీర మీద ఆ నారింజరంగు లైఫ్ జాకెట్టు ఫొటోలో బాగుండదని తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఉక్కపోస్తోందని ఏడుస్తుంటే మా చిన్నదానిదీ నేనే విప్పేశాను. ఎవరూ ఏమీ అనలేదు. 2019 సెప్టెంబర్ 15న, గోదారి వరద మీదుండగా, కచ్చులూరు దగ్గర బోటు మునిగి నలభైమందికి పైగా పోయారు. ఆ బోటు పైకి తీసేసరికి నెల దాటింది. అన్నాళ్ళూ టీవీ ముందు కూచుంటే నాకు కనిపించింది నా చేత్తో విప్పిన ఆ చిన్న జాకెట్టే.

అలాగని వెళ్ళొద్దననండీ. వరదరోజుల్లో వద్దు, కార్తీకం నుంచి సంక్రాంతిదాకా హాయి. టిక్కెట్టు కొనేముందే పిల్లల సైజు జాకెట్లున్నాయా అని అడగండి. పెద్దవాళ్ళది పిల్లకి తొడిగితే నీళ్ళలో పైకి జారి ముఖం మీదకొచ్చేస్తుంది. తొడిగి, బకిల్సు బిగించాక, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవులదాకా వచ్చిందా, అది పనికిరాదు, మార్చమనండి. మొహమాటపడకండి. కొండ వచ్చిందని అందరూ ఒకేవైపుకి పరుగెత్తితే మీరు మాత్రం కదలకండి, ఫొటో పోతే పోయింది. పట్టుచీర బీరువాలోనే ఉండనివ్వండి.

బోటులో భోజనం పెడతారు, అయినా మన డబ్బా మనకుండాలిగా! పులిహోర ఎలాగూ చేస్తారు. దద్దోజనానికి మాత్రం అన్నం మెత్తగా వండి, చల్లారాక కాచి చల్లార్చిన పాలు ఎక్కువ, పెరుగు రెండే చెంచాలు వేసి కలపండి. మధ్యాహ్నానికి పులవకుండా కమ్మగా తోడుకుని ఉంటుంది.